ఉత్తుత్తి బోర్డు

“బోర్డులు రాసే మనిషినమ్మా నేను. ఈ చుట్టుపక్కల సగం షాపుల పేర్లు నా చేతి మీదుగా వచ్చినవే. అలాంటి నాకే మీ ఇల్లు దొరకలేదు. నాలుగు గుమ్మాలు ఎక్కి దిగాను. ఒక్క బోర్డు పెట్టుకోకూడదా?”

పొద్దున్నే వచ్చిన రంగులావిడ కుర్చీలో కూర్చోకముందే అన్న మాటలివి. డిటెక్టివ్‌కి ఒళ్లు మండింది. ఎవరేమన్నా పడుతుంది గానీ, బోర్డు ఊసెత్తితే మాత్రం ఆమెకి ఎక్కడో కాలుతుంది.

బోర్డు పెట్టుకోవాలని ఆమెకి మాత్రం లేదా? మున్సిపల్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. కౌంటర్లో గుమాస్తా ఆమె దరఖాస్తుని అటూ ఇటూ తిప్పి చూసి, “వ్యాపారాల జాబితాలో డిటెక్టివ్ లేదమ్మా. జిరాక్స్ ఉంది, కుట్టుమిషను ఉంది, సైకిల్ రిపేరు ఉంది. ‘ఇతరములు’ కింద రాసుకోమంటారా?” అన్నాడు. “అయితే గుమ్మం మీద ‘ఇతరములు’ అని రాయించుకోమంటావా నాయనా?” అని ఆమె అడిగింది. అంతే, ఆ దరఖాస్తు మళ్లీ వెలుగు చూడలేదు. అప్పట్నుంచీ వీధిలో సగం మంది ఆమెని లాయరమ్మ అంటారు. మిగతా సగం పెళ్లి సంబంధాలు చూసే ఆవిడ అనుకుంటారు. డిటెక్టివ్ అని పిలిచేది ఒక్క తమ్ముడే, అదీ వెక్కిరించడానికి.

“బోర్డు సంగతి తర్వాత. వచ్చిన పని చెప్పు,” అంది ముఖం మాడ్చుకుని.

రంగులావిడ ఇక ఆగలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. “మా ఆయన్ని నిన్న పట్టుకుపోయారమ్మా. మనిషి ప్రాణం తీశాడట. ఈ సాయంత్రం కోర్టులో పెడతారట. ఒకసారి జైలుకి పంపాక మా మాట వినేదెవరు?”

కేసు డిటెక్టివ్‌కి తెలుసు. పొద్దున పేపర్లో వచ్చింది. నిన్న మధ్యాహ్నం కళ్లజోళ్ల షాపు ముందు ఇనప బోర్డు మీద పడి మున్సిపల్ తనిఖీ ఉద్యోగి చనిపోయాడు. ఎప్పుడు చూసినా కొలతల టేపు చేతిలో పట్టుకు తిరిగేవాడని ఊరంతా ఆయన్ని టేపాయన అనేది. ఆయన కొలిచి సరే అంటే తప్ప ఊళ్లో ఏ షాపుకీ బోర్డు అనుమతి వచ్చేది కాదు. అదే సమయానికి ఆ దారిన పోతున్న ఇన్‌స్పెక్టర్ స్వయంగా బోర్డు ఎత్తి పక్కన పడేశాడనీ, అప్పటికే ప్రాణం పోయిందనీ రాశారు. బోర్డు బిగించిన మనిషిని గంట తిరక్కుండా అరెస్టు చేసినందుకు ఇన్‌స్పెక్టర్‌ని మెచ్చుకున్నారు కూడా.

ఆ ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్‌కి సొంత తమ్ముడు. తండ్రి పోయాక టైపు మిషను ముందు కూర్చుని వేళ్లు అరగదీసుకుని ఆమె చదివించిన తమ్ముడు. ఇప్పుడు ఆమె ఏ కేసు పట్టుకున్నా అడ్డం పడేది వాడే. ఇద్దరి గొడవా పడలేక తల్లి ఒకరోజు అన్నం మానేసి కూర్చుంటే, తమ్ముడి కేసుల్లో వేలు పెట్టనని ఆమె మాటిచ్చింది. ఆ మాట ఇంకా పాతబడలేదు.

“నేను చెయ్యగలిగిందేమీ లేదు,” అంది.

“మా ఆయన ఆ ఇనప బోర్డు ఎక్కించనేలేదమ్మా! గోడ మీద ఉన్నది ఉత్తుత్తి బోర్డు.”

“ఉత్తుత్తి బోర్డా? అదేంటి?”

“మీకు తెలీదా?” రంగులావిడ కన్నీళ్ల మధ్యే ఆశ్చర్యపోయింది. “అనుమతి లేకుండా బోర్డు పెడితే జరిమానా వేస్తారు. గోడ మీద బోర్డు చూపిస్తే తప్ప కొలవరు. కొలవందే అనుమతి రాదు. ఇక మేమేం చెయ్యాలి? అందుకని థర్మోకోల్‌తో అదే సైజులో, అదే రంగులో, అవే అక్షరాలతో ఒకటి చేసి, రెండు మేకులకి పురికొసతో వేలాడదీస్తాం. టేపాయన వచ్చి కొలుస్తాడు. షాపంతా కనబడేలా రోడ్డు మీదకి వెనక్కి నడిచి ఫోటో తీసుకుంటాడు. వెళ్లిపోతాడు. అనుమతి చేతికొచ్చాక అసలుది బోల్టులేసి బిగిస్తాం. ఇది మా పనివాళ్లందరికీ తెలుసు. టేపాయనకీ తెలుసు. పోలీసులకి చెప్తే పగలబడి నవ్వారు.”

“ఆ థర్మోకోల్ బోర్డు ఇప్పుడెక్కడుంది?”

“అదే కదమ్మా! మనిషి పొడుగుంటుంది అది. ఏమైపోయిందో తెలీదు. ఏదీ చూపించు, కథలు చెప్పకు అంటాడు ఇన్‌స్పెక్టరు.”

అప్పుడే తల్లి తడుముకుంటూ వచ్చి మంచినీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆవిడకి రెండు కళ్లకీ శుక్లాలు. మనుషుల్ని గొంతు బట్టి, వెలుతురులో నీడ బట్టి పోల్చుకుంటుంది. “బోర్డులు రాస్తావా తల్లీ? మా అమ్మాయికి కూడా...” అని ఏదో అనబోయి, నాలిక కరుచుకుని ముసిముసిగా నవ్వింది.

“ఏంటమ్మా?”

“ఏం లేదే. నీ పని చూసుకో.”

బోర్డు లేని తన బతుకు గురించి తల్లి మళ్లీ ఎవరితోనో మొర పెట్టుకుంటోందనుకుంది డిటెక్టివ్. విసురుగా లేచి చెప్పులేసుకుంది. తల్లికిచ్చిన మాట గుమ్మం దాకా వెంట వచ్చి అక్కడే ఆగిపోయింది.

కళ్లజోళ్ల షాపు ఇరుకు వీధిలో, రెండు గోదాముల మధ్య నక్కినట్టుంటుంది. తెలిసినవాళ్లకి తప్ప కనబడదు. ముందు సన్నటి ఫుట్‌పాత్, దాన్ని ఆనుకుని రోడ్డు. పోలీసు జీపు వెనక భాగం షాపు వైపు తిప్పి ఆగి ఉంది. ఇనప బోర్డు గుమ్మం పక్కన గోడకి చేరేసి ఉంది. నీలం మీద తెల్లటి అక్షరాలు, మధ్యలో పెద్ద కళ్లజోడు బొమ్మ.

రంగులావిడని రోడ్డుకి అవతల నిలబెట్టి డిటెక్టివ్ బోర్డు దగ్గర కూర్చుంది. నాలుగు మూలలా నాలుగు బోల్టు రంధ్రాలున్నాయి. జడలోంచి పిన్ను తీసి ఒక దాంట్లో పెట్టి చూసింది. రంగు లోపలికి కారి, నున్నగా గట్టిపడి ఉంది. ఎక్కడా గీత లేదు. బోల్టు ఒక్కసారి దూరినా ఆ రంగు చెక్కుకుపోవాలి.

“ఏం డిటెక్టివ్ గారూ, రంగు నచ్చిందా?”

తమ్ముడు గుమ్మంలో నిలబడి టోపీతో విసురుకుంటున్నాడు. టోపీ అంచున, వేళ్లు పట్టుకునే చోట, నీలం మరక ఉంది.

“ఈ బోర్డుకి బోల్టు పెట్టనేలేదు,” అందామె లేస్తూ.

“నేనూ అదే అంటున్నాను. బోల్టులు పెట్టకుండా రెండు మేకులకి వేలాడదీశాడు. దాన్నే నిర్లక్ష్యం అంటారు. నా కేసుని నువ్వే గట్టి చేస్తున్నావు. థాంక్సు.”

“ఆ మేకులు చూశావా? ఇంత ఇనుము మోసిన మేకు కాస్తయినా వంగదా? పుల్లల్లా నిటారుగా ఉన్నాయి.”

“కోర్టులో చెప్పుకో. మేకుల మీద నీకు మంచి పట్టుందని జడ్జి గారు మురిసిపోతారు.”

“ఇంత బోర్డు నువ్వొక్కడివే ఎత్తావటగా? పేపర్లో చూశాను. చిన్నప్పుడు నీళ్ల బిందె ఎత్తమంటే అక్కా అక్కా అని ఏడ్చేవాడివి.”

ఆమె బోర్డుని ఒక చివర పట్టి లేపబోయింది. నేల విడవలేదు. వాడు ముఖం గంటు పెట్టుకున్నాడు. “షాపాయన సాయం పట్టాడులే. పేపరోళ్లు రాసిందంతా నేను చెప్పిందేనా? ఇంతకీ అమ్మకి నువ్విచ్చిన మాటేమైంది?”

“అబద్ధం ఆడనని అమ్మకి నువ్వూ మాటిచ్చావు. ఏడో క్లాసులో, సిరా బుడ్డి పగలగొట్టిన రోజున. ఆ మరకేంటి టోపీ మీద?”

వాడు టోపీ వైపు చూసుకుని చటుక్కున నెత్తిన పెట్టుకున్నాడు. “పెన్ను కక్కింది.”

చిన్నప్పుడు కూడా వాడి చొక్కా జేబు ఎప్పుడూ నీలంగానే ఉండేది. రాత్రి కూర్చుని రుద్ది రుద్ది ఉతికేది ఆమే. ఆ జ్ఞాపకం అడగకుండా వచ్చి ఆమెని ఒక్క క్షణం మెత్తబరిచింది. ఆ క్షణాన్ని తలుచుకుని తర్వాత తనని తానే తిట్టుకుంది.

వాడు రోడ్డు మలుపు దగ్గరున్న కానిస్టేబుల్‌తో మాట్లాడటానికి వెళ్లాడు. ఆమె షాపులోకి వెళ్లింది.

కళ్లజోళ్లాయన బల్ల వెనక కూర్చుని ఒక అద్దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. ఎప్పట్నుంచి తుడుస్తున్నాడో, అది మెరిసిపోతోంది. ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

“బోర్డు పడ్డప్పుడు మీరెక్కడున్నారు?”

“లోపల. భోజనం చేస్తున్నాను.”

“వీధిలో ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరమ్మా. ఆ వేళకి గోదాములు మూసేస్తారు.”

“బయటికొచ్చేసరికి?”

“ఆయన కింద ఉన్నారు. పైన బోర్డు ఉంది.” పాఠం అప్పచెప్పినట్టుంది ఆ మాట.

“ఫుట్‌పాత్ అంచున ఒక్క రాయి మాత్రం తెల్లగా ఉంది. మిగతావన్నీ మట్టి కొట్టుకుని ఉన్నాయి. దాన్నెవరు కడిగారు?”

“నేను రోజూ కడుగుతాను.”

“ఒక్క రాయినేనా?”

ఆమె అడక్కుండానే వెనక గదిలోకి నడిచింది. గోడ వారన గోనెపట్టా ఉంది. దానికి కాస్త పైన, సున్నం గోడ మీద, నీలం ఆయిల్ రంగు సన్నగా గీసుకుపోయి ఉంది. ఇనప బోర్డు చేరేసి ఉన్న చోటన్నమాట. అక్కణ్ణుంచి గుమ్మం దాకా నున్నటి గచ్చు. ఆమె వంగి, వెలుతురుకి ఎదురుగా తల వాల్చి చూసింది. తిరిగొచ్చి బల్ల మీద రెండు చేతులూ ఆనించింది.

“బోర్డు నిన్న మధ్యాహ్నం దాకా ఈ గదిలోనే ఉంది. ఇక్కణ్ణుంచి వీధిలోకి మీరే తెచ్చారు.”

“నేనొక్కణ్ణే ఎలా తెస్తానమ్మా? రెండు చేతులా పట్టినా లేవదే అది!”

“ఈడ్చుకొచ్చి ఉంటారు.”

“ఈడిస్తే గచ్చు మీద గీత పడదా? ఏదీ, గీత చూపించండి!”

“లేదు,” అందామె నెమ్మదిగా. “గీత లేదు. అంటే ఇద్దరు మోశారు. ఒకరు మీరు. రెండోవాడెవడు?”

కళ్లజోళ్లాయన చేతిలో అద్దం జారి బల్ల మీద పడింది. పగల్లేదు. ఆయన మాత్రం దాన్ని పగిలినట్టే చూశాడు.

“మీకు చెప్పకూడదమ్మా. ఊళ్లో ఇంకెవరడిగినా చెప్తానేమో. మీకు మాత్రం చెప్పకూడదు.”

“నేనేం చేశాను?”

“మీరేం చెయ్యలేదు. అందుకే.” ఆయన గొంతు తగ్గించాడు. “ఈ సందులో షాపుందని ఎవరికీ తెలీదమ్మా. రెండు వానాకాలాలు పోయాయి ఆ ఆఫీసు చుట్టూ తిరగబట్టి. ఓసారి అక్షరాలు పెద్దవన్నారు. ఓసారి బొమ్మ పెద్దదన్నారు. పక్క వీధిలో వాళ్లు అద్దాల కోసం ఊరి ఆ చివరికి పోతారు, నా గుమ్మం ముందు నుంచే. నిన్న టేపాయన ఇంతా కొలిచి, అంతా సరిపోయిందండీ అన్నారు. ఆ మాట విని లోపలికొచ్చి సంతోషంగా డబ్బా విప్పుకున్నాను. రెండు ముద్దలు తిన్నానో లేదో... ఇక ఈ బోర్డుకి అనుమతి రాదేమోనని భయపడ్డాను. వారం తిరక్కుండా ఇప్పిస్తానన్నాడు. నోరు మూసుకుంటే చాలన్నాడు. లేకపోతే నన్నే చంపినవాడంటానన్నాడు.”

“ఎవరు?”

ఆయన తల దించుకున్నాడు. “కాలు కదిలిందమ్మా,” అన్నాడు, ఆమెతో కాదు, ఆ అద్దంతో అన్నట్టు. “బోర్డు పట్టుకుని ఇద్దరం నిలబడ్డాం. కింద పడున్న ఆయన కాలు కదిలింది. కదిలిందండీ అన్నాను కూడా. ఏం కదల్లేదు, వదులు అన్నాడు.”

షాపులో గాలి ఆగిపోయినట్టయింది. అప్పటిదాకా ఆమె వెతుకుతున్నది ఒక ప్రమాదాన్ని ఎవరు కప్పిపుచ్చారని. ఇప్పుడిది హత్య.

“ఏంటక్కా, కళ్లజోడు కొంటున్నావా?” తమ్ముడు గుమ్మంలోంచే అడిగాడు. “తీసుకో, తీసుకో. ఈ మధ్య నీ చూపు ఆనుతున్నట్టు లేదు.”

కళ్లజోళ్లాయన లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన వంకా, వాడి వంకా చూడకుండా బయటికి నడిచింది. వీధిలో ఎండ కాస్తోంది. రోడ్డు అవతల రంగులావిడ గోడకి చేరబడి, ఏం దొరికిందన్నట్టు ఆశగా చూస్తోంది.

“ఆ ఉత్తుత్తి బోర్డుకి నువ్వు వేసింది కూడా ఇదే రంగా?” అని అడిగింది డిటెక్టివ్.

“ఇదే నీలం గానీ ఆయిల్ రంగు కాదమ్మా. ఆయిల్ రంగు తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. సున్నంలో నీలం పొడి కలిపి పూస్తాం. ఎంత ఆరినా చెమట చేత్తో ముట్టుకున్నారంటే అంటుకుంటుంది. ఉతికినా ఓ పట్టాన వదలదు. ఇదిగో, నా గాజుల కింద చూడండి.”

డిటెక్టివ్ ఆ మణికట్టు వైపు చూసింది. ఆ నీలాన్ని ఇందాకే ఇంకో చోట చూసింది. టోపీ అంచున, వేళ్లు పట్టుకునే చోట.

ఆమె మెల్లిగా తల తిప్పి జీపుని చూసింది. ముందు భాగమంతా దుమ్ము. వెనక బంపరు మాత్రం అద్దంలా కడిగి ఉంది. వాడి డ్రైవరు రెండ్రోజులుగా సెలవులో ఉన్నాడని తల్లి అన్నట్టు గుర్తు. వాడికి జీపు వెనక్కి తియ్యడం ఎప్పుడూ సరిగా రాదు. టేపాయన ఫోటో కోసం బోర్డు మీదే కళ్లు పెట్టి, ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ రోడ్డు మీదకి వచ్చి ఉంటాడు. ఇటు ఈయన వెనక్కి, అటు జీపు వెనక్కి. తల ఆ కడిగిన రాతికి తగిలి ఉంటుంది. పైన వేలాడుతున్న బోర్డు చూడగానే, అదే మీద పడి పోయాడనొచ్చని వాడికి దారి దొరికినట్టయి ఉంటుంది. జీపు మీదకి ఎక్కి లాగాడు. బోర్డుల పని తెలిసిన మనిషయితే దాన్ని ముట్టుకునేవాడే కాదు. అది దూదిలా చేతిలోకి వచ్చేసింది. అప్పుడు కావాల్సొచ్చింది అసలు బోర్డు.

ఇలాంటి లెక్క కుదిరిన ప్రతిసారీ ఆమెకి లోపల చిన్న గర్వం కలిగేది. ఈసారి అది పాపంలా తోచింది.

“నువ్వు కోర్టు దగ్గరికి వెళ్లు,” అంది రంగులావిడతో. “మీ లాయరుతో చెప్పి కాసేపు సాగదీయించు. ఆ బోర్డు పట్టుకుని నేనొస్తాను.”

“దొరుకుతుందంటారా?”

“దొరక్కపోతే మీ ఆయన జైలుకి పోతాడు. అందుకని దొరకాలి. వెళ్లు.”

రంగులావిడ కనుమరుగయ్యాక ఆమె జీపు దగ్గరికి వెళ్లి, బంపరు మీద అరచెయ్యి వేసి నిలబడింది. తమ్ముడు వచ్చాడు. ఆ చెయ్యి ఎక్కడుందో చూశాడు. వాడి ముఖంలో వెటకారం ఆరిపోయింది.

“ఆసుపత్రి ఇక్కడికి ఎంత దూరంరా?” అని అడిగిందామె.

వాడు మలుపు దగ్గరున్న కానిస్టేబుల్ వైపు చూశాడు.

“పిలిస్తే పలికేంత దూరం. బోర్డు వేసేటప్పటికి ఆయన కాలు కదులుతోందట కదా?”

“ఆ కళ్లజోళ్లోడు వాగాడా?” వాడి గొంతు పీలగా, చిన్నప్పటిలా వచ్చింది. మరుక్షణం సర్దుకున్నాడు. “ఆయనే చూసుకోకుండా వెనక్కి నడిచొచ్చాడక్కా. నేను కావాలని గుద్దానా? వచ్చే నెల ప్రమోషన్. నువ్వు టైపు కొట్టి చదివించింది దీనికోసం కాదూ? బతికినా మంచం మీద పడేవాడు.”

“ఆయన బతుకు కొలవడానికి నువ్వెవడివి?”

“అరవకు. ఏం చేస్తావిప్పుడు? కళ్లజోళ్లోడు కోర్టులో నోరు విప్పడు. విప్పితే వాడూ లోపలికే. నీ దగ్గరేముంది, టోపీ మరకా? ఇంటికెళ్లి తగలబెడతాను.”

“ఉత్తుత్తి బోర్డు దొరికితే చాలు. పురికొసతో వేలాడింది ఇనుము కాదని తేలిపోతుంది. దాని నిండా నీ వేళ్లు ఉంటాయి.”

వాడు ఆమె వైపు వింతగా చూశాడు. జాలిపడుతున్నట్టుంది ఆ చూపు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

“దొరికితే మాత్రం నిన్నటిదని ఎవరు నమ్ముతారక్కా? రాసే మనిషి పొద్దున నీ ఇంట్లో కూర్చుని ఉంది. వీధంతా చూసింది. మొగుణ్ణి విడిపించుకోవడానికి ఆవిడ కొత్తది చేసింది, నువ్వు దాచావు. దొంగ సాక్ష్యం సృష్టించినందుకు ఇద్దరికీ శిక్ష. ఈ కేసు నువ్వు ముట్టుకోకుండా ఉంటే రేపు చీకటితో తీసుకుపోయి ఏ కాలవలోనో పారేసేవాణ్ణి. నువ్వే ఒప్పుకోలేదు.”

“ఎక్కణ్ణుంచి తీసుకుపోయేవాడివి?”

వాడు కానిస్టేబుల్‌ని కేకేశాడు.

నిన్న మధ్యాహ్నం. ఇరుకు వీధి, మనిషి పొడుగు బోర్డు. పట్టపగలు స్టేషనుకి తీసుకెళ్లలేడు. రోడ్డు పక్కన తగలబెడితే థర్మోకోల్ నల్లటి పొగతో ఊరంతటికీ చెప్తుంది. దగ్గర్లో వాడు అడక్కుండా లోపలికి వెళ్లగలిగిన ఇల్లు ఏది? మా అమ్మాయికి కూడా అంటూ తల్లి పొద్దున ఆపేసిన మాట, ఆ ముసిముసి నవ్వు గుర్తొచ్చాయి.

ఆమె పరుగెత్తింది. ఈ వయసులో వీధుల వెంట కొంగు బిగించి పరుగెత్తుతుంటే లాయరమ్మకి ఏమైందని జనం ఆగి చూశారు.

తల్లి గుమ్మంలోనే కూర్చుని ఉంది.

“అమ్మా! నిన్న మధ్యాహ్నం నేను లేనప్పుడు తమ్ముడు ఇంటికొచ్చాడా?”

తల్లి ముఖం వెలిగింది, అంతలోనే చిన్నబోయింది. “చెప్పేశాడా? నీ పుట్టినరోజు దాకా చెప్పొద్దని నా దగ్గర ఒట్టేయించుకుని వాడే చెప్పేశాడా? నీ ఆఫీసుకి బోర్డు చేయించాడే. దుప్పటి చుట్టి వాడే అటక మీద పెట్టాడు. నేను పట్టుకుని చూశాను, ఎంత తేలిగ్గా ఉందో! ఇద్దరూ కొట్టుకు చస్తారనుకున్నాను. ఎంత ప్రేమ లేకపోతే చేయిస్తాడు చెప్పు? నిన్న రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు సంతోషంతో.”

డిటెక్టివ్ నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. దుప్పటి కట్టలోంచి రెండు చివర్లా తెల్లటి పొడి రాలింది. ముళ్లు విప్పి, బోర్డుని కిందికి దించి గోడకి ఆనించింది. నీలం మీద తెల్లటి అక్షరాలు. మధ్యలో పెద్ద కళ్లజోడు బొమ్మ. ఒక మూల, పురికొస కట్టిన చోట, పెద్ద చెయ్యి పట్టి లాగినట్టు విరిగి ఉంది.

తల్లి వచ్చి, అక్షరాల మీద వేళ్లతో తడుముతూ నిలబడింది. “నాకు ఆనట్లేదే. బాగుందా? నీ పేరు పెద్దగా రాయించాడా?”

ఏం చెప్పాలి ఆవిడకి? ఇన్నేళ్లకి ఇద్దరు పిల్లలూ ఒక్కటయ్యారని ఆవిడ ఒక్క రాత్రి నమ్మింది. ఆ ఒక్క రాత్రి కూడా వాడు అబద్ధంతోనే ఇచ్చాడు.

“పెద్దగానే రాయించాడమ్మా,” అంది డిటెక్టివ్.

కోర్టుకి తీసుకుపోవాలి. వెనక గుమ్మంలోంచి, దుప్పటి కప్పి, రిక్షాలో పెట్టి. ఆమె మళ్లీ బోర్డు ఎత్తబోతుండగా బయట జీపు ఆగిన చప్పుడయింది. తలుపులు రెండు వేసిన చప్పుళ్లు, బూట్లు. వెనక సందులో కూడా బూట్ల చప్పుడే.

“ఇల్లు సోదా చెయ్యాలి. తలుపు తియ్యండి,” అంది బయట గొంతు. అక్కా అని పిలవలేదు.

పరుగెత్తి వచ్చిన ఒంటికి చెమట ధారలు కడుతోంది. డిటెక్టివ్ బోర్డు వదిలేసి తన చేతులు చూసుకుంది. అరచేతులు రెండూ మణికట్టు దాకా నీలంగా ఉన్నాయి. చీర కుచ్చిళ్ల మీద, రవిక అంచున, ముఖం తుడుచుకున్న కొంగు మీద కూడా అదే నీలం.

ఆమె వద్దనేలోపే తల్లి తడుముకుంటూ వెళ్లి గడియ తీసింది.

“రా నాన్నా,” అంది ఆవిడ వెలుతురులో కనబడిన నీడతో, సంతోషం పట్టలేక. “అక్క చూసేసింది. చాలా నచ్చిందట.”